పిల్ల నిద్రపోని ఇంట్లో ముందు ఎవరు పడుకోవాలి?

మా పాపకు పందొమ్మిదో నెల నడుస్తున్న రోజులు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే స్కూటీ ఆపాను. ఎడమ కాలు కింద ఆనించి, రెండు చేతులూ హ్యాండిల్ మీదే పెట్టుకుని ఉన్నాను. వెనక నుంచి బస్సు హారన్ చెవులు బద్దలయ్యేలా మోగితే ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ముందున్న బళ్లన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి. నేను కన్ను మూసింది రెండు సెకన్లో ఇరవై సెకన్లో ఇప్పటికీ చెప్పలేను. బండి పక్కకు తీసి, కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడి మా వారికి ఫోన్ చేశాను. "మీరొచ్చి తీసుకెళ్లండి, నాకు నడపాలంటే భయంగా ఉంది" అన్నాను.

అప్పటిదాకా మా ఇంట్లో మాటలన్నీ పాపను ఎలా నిద్రపుచ్చాలన్న దాని చుట్టూనే తిరిగేవి. ఆ రాత్రి ప్రశ్న మార్చుకున్నాం. పాప ఎప్పటికి కుదురుగా పడుకుంటుందో ఎవరం చెప్పలేం. ఈ వారం మాత్రం మా ఇద్దరికీ ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర ఎలా దొరుకుతుంది? ఆ తర్వాత ఆరేడు నెలల్లో ఎన్నో చేసి చూశాం. తెలిసినవాళ్ల ఇళ్లలో ఇంకొన్ని చూశాను. ఇదే అవస్థలో ఉన్న తల్లిదండ్రుల కోసం వాటన్నిటినీ ఒకే కొలతతో కొలిచి చెబుతున్నాను: రాత్రికి ఎన్ని గంటల తెగని నిద్ర వస్తుంది, దానికోసం ఇంట్లో ఎవరు ఏం వదులుకోవాలి.

తెగని నిద్రే కొలత ఎందుకంటే

"పదింటికి పడుకుని ఆరింటికి లేచావుగా, ఎనిమిది గంటలు కాలేదా?" అని నన్ను చాలామంది అడిగారు. 2014లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను ఎనిమిది గంటలు పడుకోమని, మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చేసి లేపి, లేచిన ప్రతిసారీ ఓ పది పదిహేను నిమిషాలు కంప్యూటర్ మీద పని చేయించారు. మర్నాడు వాళ్ల ఏకాగ్రత, మనసు ఉన్న తీరు మొత్తం మీద నాలుగు గంటలే పడుకున్నవాళ్లలాగే తేలాయి. అదీ ఒక్క రాత్రికే. మనం నెలల తరబడి ఉంటున్నాం అలా. కాబట్టి ఏ ఉపాయమైనా మీకు మొత్తం గంటలు పెంచకపోయినా ఫరవాలేదు, ముక్కలను అతికితే చాలు. ఐదు గంటలు ఒకే ముక్కగా పడుకున్న మర్నాడు నేను మనిషిలా ఉన్నాను. ముక్కముక్కలుగా ఎనిమిది గంటలు పడుకున్న మర్నాడు ఉండలేకపోయాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఏడాది నిండేసరికి పిల్లలందరూ రాత్రంతా పడుకుంటారన్నది నిజం కాదు. 2018లో కెనడాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాది వయసు పిల్లల్లో నూటికి 28 మంది దాకా ఆరు గంటలు ఏకబిగిన పడుకోవడం లేదని తేలింది. మీ పెంపకంలో లోపం వల్లే ఇలా అయిందని ఎవరైనా అంటే మనసుకు తీసుకోకండి.

వేరే ఏ మార్గం ఎంచుకున్నా, ముందు డాక్టరు

ఇది ఎంపిక కాదు, అందరూ చేయాల్సినది. పిల్లల డాక్టరు దగ్గర మూడు విషయాలు అడగండి.

ఒకటి, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. ఒంట్లో ఐరన్ తగ్గిన పిల్లలు నిద్రలో కాళ్లు తన్నుకుంటూ మంచమంతా దొర్లడం, కలత నిద్ర పోవడం డాక్టర్లు తరచూ చూసే సంగతే. అన్నం తినకుండా రోజుకు అర లీటరుకు మించి గేదె పాలు, ఆవు పాలు తాగే పిల్లల్లో ఇది ఎక్కువ. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయమని అడగండి.

రెండు, నులిపురుగులు. పిల్ల అర్ధరాత్రి లేచి పిర్రలు గీరుకుంటూ ఏడుస్తుంటే అనుమానించాల్సిందే. ఒక రకం పురుగు రాత్రిపూటే బయటికొచ్చి గుడ్లు పెడుతుంది, దురద అందుకే. నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చి వేసి చూస్తే తెల్లటి సన్నని దారం ముక్కల్లా కనిపిస్తాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు సగమే. అయితే దురద ఉన్నప్పుడు ఆ రోజు దాకా ఆగక్కర్లేదు. ఇంటిల్లిపాదీ వేసుకోవాలి, మళ్లీ రెండు వారాలకు ఇంకోసారి వేసుకోవాల్సి ఉంటుంది. అదంతా డాక్టరు చెప్పినట్టే చేయండి.

మూడు, గురక. నోరు తెరిచి పడుకుని, దాదాపు ప్రతి రాత్రీ గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై లేస్తుంటే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. ఈ మూడింటిలో ఏది ఉన్నా కింద చెప్పే పద్ధతులేవీ పనిచేయవు. చేసినా పిల్లను ఊరికే ఏడిపించినట్టవుతుంది.

మా అత్తయ్య ప్రతి ఆదివారం ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసేవారు. దానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆవిడ మనసు కుదుటపడుతుంది. నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. రక్తపరీక్షకు మాత్రం సోమవారమే తీసుకెళ్లాను.

రాత్రిని పంచుకోవడం: సగం సగమా, రోజు విడిచి రోజా

భార్యాభర్తలిద్దరూ ఒకే ఇంట్లో ఉంటే అన్నిటికన్నా ముందు ఎంచుకోవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. పైసా ఖర్చు లేదు, పాప అలవాట్లేవీ మార్చక్కర్లేదు, ఈ రాత్రి నుంచే ఫలితం ఉంటుంది. ఇద్దరూ ఒకే పరుపు మీద పడుకుని, పాప లేచినప్పుడల్లా ఇద్దరూ లేవడం అన్నిటికన్నా అన్యాయమైన ఏర్పాటు. మేం ఏడాదిన్నర అలాగే చేశాం. ఇద్దరం అలిసిపోయాం, ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం.

సగం రాత్రి పద్ధతి ఇలా ఉంటుంది. తొమ్మిదిన్నర నుంచి రెండింటి దాకా ఒకరిది, రెండింటి నుంచి ఆరున్నర దాకా ఇంకొకరిది. తన వంతు కానివాళ్లు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఫ్యాన్ ఐదు మీద పెడితే ఆ హోరులో ఏడుపు సగం వినపడదు. సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లయితే హాల్లో దివాన్ మీద, ఎండాకాలం అయితే డాబా మీద దోమతెర కట్టుకుని. ఎవరు ఏ సగం అన్నది ఒంటి తీరును బట్టి చూసుకోండి. పదింటికే కళ్లు మూతలు పడే మనిషికి రెండో సగం వంతు ఇస్తే తొలి సగం హాయిగా పడుకుంటారు. అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండే అలవాటున్నవాళ్లకు తొలి సగం బరువనిపించదు.

ఇందులో కష్టమంతా ఒకే చోట ఉంది. తన వంతు కానివాళ్లు ఏడుపు విన్నా లేవకూడదు. మొదటి రాత్రి పాప "అమ్మా, అమ్మా" అని ఏడుస్తుంటే నేను ఇవతలి గదిలో తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయనకు జోలపాటలు రావు. పాపను భుజాన వేసుకుని వీపు తడుతూ "రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు" అని రెండో ఎక్కం చదువుతున్నారు. ఇరవై దాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చారు. నాలుగోసారికి ఏడుపు వెక్కిళ్లుగా మారింది, తర్వాత అదీ ఆగింది. నాలుగో రాత్రికి పాప ఆయన వంతులో నన్ను వెతకడం మానేసింది. మీ ఇంట్లో నాలుగు కాకపోతే పది రాత్రులు పట్టవచ్చు. కానీ మూడో రాత్రికే తల్లి తలుపు తీసి బయటికి వస్తే మళ్లీ మొదటికే.

రోజు విడిచి రోజు పద్ధతిలో ఒకరు పూర్తి రాత్రి చూసుకుంటారు, రెండోవాళ్లు ఏడు గంటలు చీకూచింతా లేకుండా పడుకుంటారు. అమెరికా టైముకు మీటింగులు ఉన్నవాళ్లకు, తెల్లవారుజామున ఐదింటికి డ్యూటీకి బయలుదేరేవాళ్లకు, పాప ఏ టైముకు లేస్తుందో అంచనా అందని ఇళ్లకు ఇది నయం. నష్టం కూడా పెద్దదే. వంతు వచ్చిన రాత్రి పూర్తిగా పోతుంది, మర్నాడు ఆ మనిషి బండి నడపకూడదు. మాకు సగం రాత్రే కుదిరింది. మా ఆడపడుచు వాళ్లు హైదరాబాద్‌లో రోజు విడిచి రోజు చేసి ఎంతో తేరుకున్నారు. రెంటిలో ఏదైనా సరే, ఎవరి వంతు ఏ రోజో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అర్ధరాత్రి రెండింటికి "నిన్న నేను లేచాను" అన్న వాదన ఏ ఇంట్లోనూ మంచిగా ముగియదు.

వారమంతా తల్లి చూసుకుని, ఆదివారం ఒక్కరోజు తండ్రి చూడటం అన్న మూడో ఏర్పాటు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని నేను పంపకం అనను. ఆదివారం పొద్దున పదింటి దాకా పడుకున్నంత మాత్రాన ఆరు రోజుల అలసట తీరదు, పైగా ఆ రాత్రి నిద్ర పట్టక సోమవారం ఇంకా బరువుగా మొదలవుతుంది.

అమ్మమ్మ, నాయనమ్మ, ఆయా

భర్త గల్ఫ్‌లోనో ఇంకో ఊళ్లోనో ఉన్నా, ఒంటరిగా బిడ్డను పెంచుతున్నా పంచుకోవడానికి ఇంకో చెయ్యి బయటి నుంచి రావాలి. ఇక్కడ పుట్టింటికి వెళ్లడమా, అమ్మను మన దగ్గరకు పిలిపించుకోవడమా అన్నది మొదటి ప్రశ్న. పుట్టింటికి వెళితే వంటా ఇంటిపనీ తప్పుతాయి, పదిహేను రోజుల్లో ఒళ్లు కోలుకుంటుంది. కానీ కొత్త చోట పిల్ల మొదటి నాలుగైదు రాత్రులు ఇంకా ఎక్కువ లేస్తుంది, తిరిగి వచ్చాక మళ్లీ అదే. ఉద్యోగం చేస్తున్నవాళ్లకు అమ్మ రావడమే మేలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇరువైపుల వాళ్లనూ ఒకేసారి రప్పించకుండా ఒకరి తర్వాత ఒకరిని పిలిపించుకుంటారు, అది తెలివైన పని. విజిటర్‌గా సాధారణంగా ఇచ్చేది ఆరు నెలలే కాబట్టి ఆ కాలాన్ని రాత్రి పాలు మాన్పించడం లాంటి కష్టమైన పనికి వాడుకోండి.

పెద్దవాళ్లు వచ్చాక చాలామంది చేసే పొరపాటు వాళ్లకు అర్ధరాత్రి పని అప్పగించడం. అరవై దాటిన మనిషికి, మోకాళ్ల నొప్పీ బీపీ ఉన్న మనిషికి, రాత్రి రెండింటికి పదకొండు కిలోల పిల్లను ఎత్తుకుని హాల్లో తిరగమనడం న్యాయం కాదు. వాళ్లు ఎలాగూ నాలుగున్నర, ఐదింటికి లేస్తారు. ఆ వేళకు పిల్లను వాళ్లకు ఇచ్చి మీరు ఏడున్నర దాకా పడుకోండి. మా అమ్మ వచ్చిన రెండు నెలలూ ఇదే చేసింది. "నువ్వు పడుకోవే, దాన్ని నాకివ్వు" అని తీసుకెళ్లి తులసికోట దగ్గర కూర్చోబెట్టి పిచ్చుకలకు గింజలు వేయించేది. నాకు రాత్రి రెండో సగంలో ఒక తెగని ముక్క దొరికింది, అమ్మ నిద్ర చెడలేదు.

డబ్బు పెట్టగలిగితే రాత్రి ఆయాను పెట్టుకోవడమా, పగటి ఆయానా, వంటమనిషా? ముందు వంటమనిషి అంటాను. పిల్లకు అలవాటు లేని మనిషిని అర్ధరాత్రి పక్కన పెడితే ఆ ఏడుపు మిమ్మల్నే లేపుతుంది, నమ్మకం కుదరడానికీ నెలలు పడుతుంది. వంటా గిన్నెలూ మన చేతి మీద నుంచి పోతే సాయంత్రం గంటన్నర మిగులుతుంది, పిల్లతో పాటే తొమ్మిదిన్నరకు పడుకోగలం. రాత్రి ఆయా నిజంగా కావలసింది కవలలున్న ఇళ్లకు, ఆపరేషన్ అయిన తల్లికి, ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఎవరూ లేనివాళ్లకు.

రాత్రి పాలు: ఉంచాలా, మాన్పించాలా

ఏడాది దాటి, బరువు సరిగ్గా పెరుగుతూ, పగలు అన్నం తింటున్న పిల్లకు రాత్రి పాలు ఆకలికోసం అక్కర్లేదు. అలాగని తప్పక మాన్పించాలనీ లేదు. పక్కలోనే పడుకుని పాలిచ్చి, రెండు నిమిషాల్లో మళ్లీ నిద్రలోకి జారుకునే తల్లులకు అదే సుఖం, వాళ్లు ఏమీ మార్చక్కర్లేదు. ప్రతి గంటకూ లేచి పాలకోసమే ఏడ్చే పిల్ల ఉంటే మాత్రం మాన్పించడం వల్ల దొరికే నిద్ర మిగతా ఏ పద్ధతీ ఇవ్వదు. రాత్రి మాన్పించినా పగలు ఇవ్వొచ్చు. రెండేళ్లూ, ఆపైనా తల్లిపాలు ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఎలా మాన్పించాలన్న దాంట్లో రెండు దారులున్నాయి. వేపాకు ముద్ద రాసి ఒక్క రాత్రిలో ఆపడం మన అమ్మమ్మల దారి. త్వరగా అయిపోతుంది, కానీ తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం రావచ్చు, పిల్ల బెంగపడుతుంది. నాకు రెండోది నచ్చింది. ఒక్కో రాత్రి పాలిచ్చే సమయాన్ని ఒక్కో నిమిషం తగ్గిస్తూ పోవాలి. సీసా పాలైతే రెండు రాత్రులకు ఒకసారి ముప్పై మిల్లీలీటర్లు తగ్గించాలి, అడిగితే మంచినీళ్లు ఇవ్వాలి. వారం పది రోజులు పట్టింది మాకు. చివరి మూడు రాత్రులూ మా వారే పక్కన పడుకున్నారు, నా పాల వాసన లేకపోవడం చాలా కలిసొచ్చింది. సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయే పిల్లలకైతే ఆలోచించే పనే లేదు, ముందు పళ్లు పుచ్చిపోతాయి.

నిద్ర నేర్పే పద్ధతులు: ఏడవనివ్వడం, పక్కన కూర్చోవడం, వేళ జరపడం

పిల్లను పడుకోబెట్టి బయటికొచ్చి, రెండు నిమిషాలకు ఒకసారి, ఐదుకు ఒకసారి, తర్వాత ఇంకా ఆలస్యంగా వెళ్లి చూసొచ్చే పద్ధతికి మంచి ఆధారాలే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 2016లో 43 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఏడాది తర్వాత చూసినా ఆ పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య అనుబంధంలో తేడా కనిపించలేదు. పిల్లల సంఖ్య చిన్నదే, కానీ "ఏడిస్తే మనసు విరిగిపోతుంది" అన్న భయానికి అది కొంత జవాబు. అయితే ఈ పద్ధతి పుట్టింది పిల్లకు వేరే గది, చుట్టూ కటకటాలున్న మంచం ఉండే ఇళ్లలో. మన ఇళ్లలో పిల్ల నేల మీద పరుపు నుంచి లేచి నడిచొస్తుంది. పక్క గదిలో తాతయ్య ఉంటారు. గోడ అవతలి ఫ్లాటువాళ్లు మర్నాడు లిఫ్టులో "రాత్రి పాపకు ఏమైంది?" అని అడుగుతారు. ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒప్పుకుంటే తప్ప మొదలుపెట్టకండి. మధ్యలో నాయనమ్మ వెళ్లి ఎత్తుకుంటే, గట్టిగా ఏడిస్తే చాలని పిల్ల నేర్చుకుంటుంది.

పక్కన కూర్చునే పద్ధతి నిదానం. మొదట ఒంటి మీద చెయ్యి వేసి, నాలుగు రోజులకు చెయ్యి తీసి పక్కన పడుకుని, తర్వాత పరుపు చివర కూర్చుని, తర్వాత గుమ్మం దగ్గర. మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒకే గదిలో పడుకునే మన ఇళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఓపిక మిగలని తల్లికి మాత్రం మూడు వారాలంటే చాలా ఎక్కువ. అందుకే రాత్రిని పంచుకుని కాస్త తేరుకున్నాకే దీన్ని మొదలుపెట్టాలంటాను.

మూడోది వేళ జరపడం. 2016 నాటి ఆ అధ్యయనం దీన్నీ పరీక్షించింది, ఇది కూడా పనిచేసింది, దీంట్లో ఏడుపు తక్కువ. మా పాపను ఎనిమిదిన్నరకు పడుకోబెట్టి పదింపావు దాకా జోకొట్టేవాళ్లం. ఆ గంటా ముప్పావు మా ఇద్దరి ప్రాణం తీసేది. ఈ పద్ధతిలో పిల్ల నిజంగా ఏ వేళకు నిద్రపోతోందో నాలుగు రోజులు రాసుకుని, ఆ వేళకే పడుకోబెట్టాలి. పావుగంటలో నిద్రపోతే రెండు రోజులకు ఒకసారి పావుగంట ముందుకు జరపాలి. పొద్దున లేపే వేళ మాత్రం ఆదివారమైనా మారకూడదు, పగటి కునుకు మధ్యాహ్నం మూడున్నర దాటకూడదు. పదింపావు నుంచి తొమ్మిదింటికి రావడానికి మాకు మూడు వారాలు పట్టలేదు. మా వారు తొమ్మిదింటికి ఇంటికి వచ్చి పాపను గాల్లోకి ఎగరేసి ఆడించడం ఆపడం మాత్రం ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. అది ఆయన రోజంతా ఎదురుచూసే ఐదు నిమిషాలు, దాన్ని పొద్దున స్నానం వేళకు మార్చుకున్నారు.

నన్నడిగితే ముందు వేళ జరపండి. దానితో సరిపోకపోతే పక్కన కూర్చోండి. మొదటి పద్ధతి ఆ తర్వాతే. మొత్తం నిద్ర ఎంత రావాలన్న లెక్క కూడా దగ్గర పెట్టుకోండి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటలు. పగలే మూడున్నర గంటలు పడుకునే పిల్ల రాత్రి పదకొండు గంటలు పడుకోవాలని ఆశించలేం.

చీర ఊయల గురించి ఒక్క మాట. ఊపితేనే నిద్రపోయే పిల్ల, మధ్యలో లేచిన ప్రతిసారీ ఊపమంటుంది. తొలి నెలల్లో అదే దిక్కు, నేనూ వాడాను. ఏడాది దాటి కూర్చుని లేస్తున్న పిల్లకు అది పడిపోయే ప్రమాదం కూడా, కాబట్టి నేల మీద పరుపుకు మార్చండి.

పగటిపూట ఏది వదులుకోవాలి

"పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అన్న సలహా ఇంట్లో ఉండే తల్లులకు పనికొస్తుంది, ఒక షరతు మీద. ఆ గంటలో ఇల్లు సర్దకూడదు. ఉతికిన బట్టలు కుర్చీ మీద గుట్టగా ఉండనివ్వండి. ఉద్యోగం చేసేవాళ్లకు మధ్యాహ్నం భోజనం తర్వాత బల్ల మీద తల వాల్చి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడం రెండు కప్పుల కాఫీ కన్నా నయం. కాఫీ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం ఐదింటికి తాగితే పదింటికి నిద్ర రాదు. రెండో కాఫీ మధ్యాహ్నం రెండు లోపే నాకు.

సెలవు తీసుకోవడమా, క్రెష్‌లో వేయడమా అన్నది కూడా తరచూ వచ్చే ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. అందులో ఒక నెల వాడుకోవడానికి ఇంతకన్నా సరైన కారణం ఉండదు. ప్రైవేటు ఉద్యోగం అయితే చట్టం ప్రకారం యాభై మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. అడగండి. ఇంట్లో ఉండే తల్లి కూడా రోజుకు మూడు గంటలు పిల్లను ప్లే స్కూల్లో వేసి ఆ మూడు గంటల్లో పడుకుంటే అందులో తప్పేమీ లేదు.

వీటి జోలికి పోకండి

మెడికల్ షాపులో "పిల్లకు నిద్ర రావడానికి" అని జలుబు సిరప్ అడిగేవాళ్లను నేను కళ్లారా చూశాను. మత్తు వచ్చేది నిజమే, అదే ప్రమాదం. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే వద్దంది. నిద్ర హార్మోను మెలటోనిన్ కలిపిన గమ్మీలు కూడా డాక్టరు చెబితే తప్ప వద్దు. జాజికాయ అరగదీసి నాకించడం మన ఇళ్లలో ఉన్నదే, కానీ మోతాదు దాటితే అది విషమే. ఏడుస్తున్న పిల్లకు ఎంత పెడుతున్నామో అర్ధరాత్రి ఎవరూ కొలవరు. గసగసాల పాలూ అంతే.

బండి సంగతి మళ్లీ చెబుతాను. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లలా తడబడతారని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టంలో తాగి నడిపినట్టు లెక్కేసే హద్దు 0.03 శాతం. తెల్లవారుజామున మూడింటికి లేచిన తల్లికి రాత్రి ఎనిమిదింటికి 17 గంటలు నిండుతాయి. అలాంటి రోజు ఆటో ఎక్కండి.

నిద్ర దొరికినా తేరుకోకపోతే

వారం రోజులు సరిగా పడుకున్నాక కూడా ఒళ్లు లేవకపోతే మీ రక్తం చూపించుకోండి. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. థైరాయిడ్, బీ12 కూడా చూడాలి. నాకు హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ. అది చూసేదాకా ఆ నీరసమంతా పాప వల్లే అనుకున్నాను.

పడుకునే వీలున్నా నిద్ర పట్టకపోవడం, పాపను చూస్తే ఏమీ అనిపించకపోవడం, నేను లేకపోతేనే నయం అనిపించడం ఉంటే అది అలసట ఒక్కటే కాదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళలోనైనా. ఎప్పుడైనా ఏడుపు భరించలేక చేతులు వణికితే, పిల్లను నేల మీద పరుపు మీద పడుకోబెట్టి గదిలోంచి బయటికి రండి. ఐదు నిమిషాలు ఏడ్చినందువల్ల పిల్లకు ఏమీ కాదు. విసురుగా ఊపితే మెదడుకు దెబ్బ తగులుతుంది. నేను రెండుసార్లు అలా బయటికి వచ్చి బాల్కనీలో నిలబడ్డాను, అందుకు నేను సిగ్గుపడను.

పాపకు ఇప్పుడు రెండేళ్ల రెండు నెలలు. రాత్రికి ఒకసారి లేస్తుంది, ఒక్కోసారి రెండు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం మారుతూనే ఉంది. ఇవాళ రెండో సగం నాది, అందుకే తొమ్మిదిన్నరకే హాల్లో దివాన్ మీద దుప్పటి పరుచుకున్నాను. లోపల మా వారు ఏడో ఎక్కం దగ్గర ఉన్నారు.